లాటిను మాటలు, వాని వెంట వచ్చు గడువులు

కోర్టు అమీనా గుమ్మమున నిలిచి సంతకము పెట్టించుకొని ఇచ్చిపోయిన కాగితమును గృహస్థుడు చదువబూనినప్పుడు, తన పేరును, తండ్రి పేరును, ఊరి పేరును, దావా నంబరును గుర్తుపట్టగలిగియు, వాక్యముల నడుమ ఎక్కడనో తెలుగునకుగాని ఇంగ్లీషునకుగాని చెందని మాట యొకటి ఎదురుపడగానే, అంతవరకు బోధపడినదికూడ బోధపడనట్లు తోచి, కాగితమును మడిచి బీరువాలో దాచి, తీరిక దొరికినప్పుడు తెలిసినవారి నడుగవచ్చునని ఊరకుండుట లోకమున తఱచుగ కానవచ్చుచున్నది. ఆ బీరువాలో గడచిపోవు దినములే అతనికి ప్రతివాదులు. న్యాయపత్రములలో లాటిను మాట కనబడినప్పుడు దాని యర్థమేమని నిఘంటువు నడుగుట చాలదు. దానివలన నాకు కలుగు ఫలమేమి, ఎన్ని దినములలో నేనేమి చేయవలెను, అని అడుగవలెను. ఈ యధ్యాయమున నేను చెప్పదలచినది ఇంతే. కాని ఇంతమాత్రమును నిదర్శనములతో చెప్పినగాని పట్టుబడదు.

ఈ మాటలు మన కచేరీలకు వచ్చిన త్రోవ వంకరయైనది. ఇంగ్లండులో న్యాయస్థానముల రికార్డులు శతాబ్దములపాటు లాటినులో వ్రాయబడుచుండగా, తమపై నడచు వ్యవహారమును సామాన్యులు గ్రహింపలేకున్నారను కారణముచే 1730లో పార్లమెంటువారు ఒక శాసనము చేసి, 1733 నుండి అదంతయు ఇంగ్లీషున నడువవలెనని విధించిరి. అయినను, ఒక సిద్ధాంతమంతయు ఒక్క మాటలో ఇమిడియున్న పారిభాషిక పదములను వదలుకొనుటకు వకీళ్ళు ఇష్టపడలేదు. అట్లు మిగిలిన పదములే కంపెనీ న్యాయస్థానములతోడను, తరువాత 1862లో నెలకొన్న మద్రాసు హైకోర్టుతోడను మనకు చేరినవి. అప్పటికే దావా, వకాల్తా, జామీను, జప్తు, వాయిదా, ముద్దాయి మొదలగు అరబీ పారసీక పదములు ఇచట వేళ్ళూని, పల్లెటూరి రైతు నోటకూడ తెలుగు మాటలై నానియుండెను. నిజాము రాజ్యమున ఉర్దూయే న్యాయస్థాన భాషయగుటచే తెలంగాణమున వాని పట్టు మరింత గట్టిది. ఇందువలన ఒక విచిత్రము సంభవించినది. జప్తు అన్న మాట చెవిని బడగానే గుండె ఝల్లుమను మనుష్యుడు, ఎక్స్ పార్టీ అన్న మాట విని నిశ్చింతగా నిద్రపోవును. నిజమునకు రెండవదాని వెనుకనే మొదటిది నడచి వచ్చును.

ఎక్స్ పార్టీ యనగా ఒక పక్షము మాట మాత్రమే విని చేయునది. మాజీ కక్షిదారుడని అర్థము చెప్పుకొని, తనకు దావాతో సంబంధము తీరినదని సంతోషించినవారును లేకపోలేదు. సివిలు ప్రొసీజరు కోడులోని 9వ ఆర్డరు ప్రకారము, సమను సక్రమముగా అందిన ప్రతివాది వాయిదానాడు హాజరు కానిచో, కోర్టువారు అతనిని ఎక్స్ పార్టీగా ఉంచి, వాది సాక్ష్యమును మాత్రమే తీసికొని విచారణ సాగింపవచ్చును. ఇది యింకను డిక్రీ కాదు; తలుపు మూయబడినదేగాని గడియ పడలేదు. డిక్రీ పుట్టకమునుపే ప్రతివాది వచ్చి తన గైరుహాజరీకి తగిన కారణము చూపగలిగినచో, 7వ రూలు క్రింద కోర్టువారు అతని వాదమును తిరిగి వినవచ్చును. డిక్రీ పుట్టిన పిమ్మట నున్న మార్గము 13వ రూలు: సమను సక్రమముగా అందలేదనియో, అందినను హాజరగుటకు బలవత్తరమైన అవరోధము కలిగెననియో రుజువు చేసి డిక్రీని రద్దు చేయించుకొనవలెను. ఇందులకు 1963 నాటి లిమిటేషను చట్టము ఇచ్చిన గడువు 30 దినములు. ఈ దినములు డిక్రీ తేదీనుండి లెక్కకు వచ్చును. సమనే సక్రమముగా అందనివానికి మాత్రము డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి. గడువు మీరినచో ఆలస్యమును మన్నింపుమని వేరొక అర్జీ పెట్టుకొని, జరిగిన జాప్యమునకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. కూతురి పెండ్లి, మోకాలి నొప్పి, వకీలు చెప్పలేదనుట మొదలగు కారణములను న్యాయాధిపతులు దినమునకు ఎన్ని వినుచుందురో పాఠకులే ఊహించుకొనవచ్చును.

అమీనా కంటబడక పెరటిదారిన తప్పుకొని పోవుటను చాకచక్యముగా భావించువారు మన యూళ్ళలో కొందరు కలరు. సమను పుచ్చుకొన నిరాకరించినను, గోడకు అంటింపబడినను, చట్టము దృష్టిలో అది అందినదిగానే పరిగణింపబడుటకు అవకాశమున్నది గనుక, ఇట్టి చాకచక్యము వాదికే తోడ్పడును. సమను పుచ్చుకొనినవాడు మొదట చేయవలసిన పని, అది అందిన తేదీని కాగితముమీదనే వ్రాసికొనుట. ఏలయన, జవాబుదావా దాఖలు చేయుటకు సామాన్యముగా నుండు 30 దినములును, కోర్టువారు కారణములు వ్రాసి పొడిగింపగల 90 దినముల మేరయు ఆ తేదీనుండియే నడచును. వకాల్తా పడినది గదా అని నిశ్చింతపడి, జవాబుదావా పడకయే దావా చేజార్చుకొన్నవారు ఎక్స్ పార్టీ అయినవారికంటె పెద్దగా మెరుగు కారు.

వివాదము ఇంకను కోర్టునకు ఎక్కకముందే మనకు తోడ్పడు మాట కేవియట్. జాగ్రత్తపడునుగాక యని దాని భావము. 1976 నాటి సవరణతో సివిలు ప్రొసీజరు కోడులో చేరిన 148-ఏ సెక్షను, ఎదుటివాడు దావా వేసి మనకు తెలియకుండ తాత్కాలికపు ఉత్తరువు తెచ్చుకొనునని అనుమానమున్నప్పుడు, మనమే ముందుగా కోర్టున కేవియట్ దాఖలు చేసి, దాని సంగతిని ఎదుటివానికి రిజిస్టరు తపాలాలో తెలియజేయు వీలు కల్పించినది. అటుపిమ్మట అతడు అర్జీ వేసినచో మనకు నోటీసు రావలెను. దీని ఆయువు 90 దినములు. ఆ తరువాత కావలసినచో మరల వేసికొనవలెను. ఇచట ఒక భ్రమను తొలగింపక తప్పదు. కేవియట్ వేసితిమి గనుక ఇక స్టే రాదని కొందరు ధైర్యము చెప్పుదురు. అది సత్యము కాదు. కేవియట్ మనకు సంపాదించిపెట్టునది వినబడు హక్కేగాని గెలుపు కాదు. దీని జ్ఞాతియైన కేవియట్ ఎంప్టార్ అను సూత్రము, కొనువాడే చూచి కొనవలెనని 1930 నాటి సరకుల విక్రయ చట్టమున ప్రతిధ్వనించుచుండినను, 1986, 2019 సంవత్సరముల వినియోగదారుల చట్టములు దాని కాఠిన్యమును చాలవరకు తగ్గించినవి; అంగడిలో దానికి వెరచుట అనవసరము, కాని భూమి కొనునప్పుడు మాత్రము దానిని మరువరాదు.

ఏలయన భూమి కొనుగోలులో లిస్ పెండెన్స్ అను సిద్ధాంతము పొంచియుండును. వ్యాజ్యము నడచుచుండగా అని దాని తాత్పర్యము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమున 52వ సెక్షను చెప్పునది ఏమనగా, ఒక స్థిరాస్తిపై హక్కు నేరుగా తగాదాలోనున్న దావా సాగుచుండగా, కోర్టు అనుమతి లేక ఒక కక్షిదారుడు దానిని అమ్మినను, ఆ యమ్మకము ఎదుటి కక్షిదారునకు డిక్రీవలన సంక్రమించు హక్కులకు భంగము కలిగింపజాలదు. అమ్మకము చెల్లదని యిందుకు అర్థము కాదు. కొన్నవాడు ఆ దావా ఫలితమునకు తలయొగ్గవలెనని మాత్రమే. తాను బోనా ఫైడీ కొనుగోలుదారుడననియు, నిండు సొమ్ము చెల్లించితిననియు, దావా సంగతి తనకు తెలియదనియు మొరపెట్టుకొనుట ఇచట పనికిరాదు. పాఠశాలలో బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకొని స్కాలర్‌షిప్పు సంపాదించిన పిల్లవాడు, పెద్దవాడై ఆ మాటనే నమ్ముకొని స్థలము కొనినచో, ఈ సెక్షను ముందర ఆ సద్భావము ఒక్క గజమునైనను కాపాడలేదు. ఇ.సి. (ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్) తీయించితిమి గదా యందురు. ఇ.సి.లో ప్రధానముగా కనబడునవి రిజిస్టరైన దస్తావేజులు. పెండింగులోనున్న దావా అందులో కనబడకపోవచ్చును. కావున బయానా ఇచ్చుటకు ముందే, అమ్మువాని పేరును, అతని తండ్రి అన్నదమ్ముల పేర్లను, ఆ జిల్లా కోర్టుల ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కక్షిదారుల పేరుమీద వెదకి చూచుట, ఊరిలో సరిహద్దు రైతులను విచారించుట, దావా లేదని అమ్మువానిచేత దస్తావేజులోనే వ్రాయించుట యుక్తము. ఇప్పటికే కొని చిక్కుకొన్నవాడు చేతులు ముడుచుకొని కూర్చుండక, దావాలో తననుకూడ చేర్చుకొమ్మని అర్జీ పెట్టుకొనవచ్చును. అమ్మినవాడు సొమ్ము పుచ్చుకొనిన పిమ్మట దావాను శ్రద్ధగా నడపునని నమ్ముటకంటె ఇది మేలు.

స్టేటస్ కో అను ఉత్తరువుకూడ భూమి తగాదాలలోనే ఎక్కువగ వినవచ్చును. ఉన్నది ఉన్నట్లుంచుమని దాని యాదేశము. ఏనాడు ఉన్నట్లు, ఎవరి స్వాధీనమున ఉన్నట్లు, అను ప్రశ్నలకు ఉత్తరువులో సమాధానము లేనప్పుడు, ఉభయులును స్వాధీనము తమదేయని చెప్పుకొనుచు మరునాటి తెల్లవారుజామున ఒకే పొలమునకు ట్రాక్టర్లు తోలుటయు, తగవు పోలీసు స్టేషనుకు ఎక్కుటయు సంభవించును. ఉత్తరువు వెలువడిన దినముననే స్థలము ఫోటోలు తీయించి, ఆంధ్రలోనైనచో అడంగలు నకలును, తెలంగాణములోనైనచో పహాణీ నకలును, పన్ను రసీదులను సమకూర్చుకొని, స్వాధీనము మాట స్పష్టపరచుమని వకీలుద్వారా కోర్టునే అర్థించుట వివేకము. ఉత్తరువును అతిక్రమించినవాని ఆస్తి జప్తు కావచ్చును. మూడు నెలలకు మించని సివిలు ఖైదునకు అతడు పాత్రుడుకూడ కావచ్చును.

మిగిలిన కొన్ని మాటలను వేగముగ దాటిపోవచ్చును. సైనీ డై యనగా తేదీ నిర్ణయింపక వాయిదా వేయుట, పత్రికలు శాసనసభ విషయమున నిరవధిక వాయిదా యని వ్రాయునది ఇదియే. కేసు అట్లు వాయిదాపడినచో తిరిగి పిలుపు ఎట్లు వచ్చునో వకీలు నడిగి తెలిసికొనవలెను. రెస్ జుడికేటా యనగా అధికారముగల కోర్టు అవే పక్షముల నడుమ అదే విషయమును తుదముట్ట తేల్చిన పిమ్మట మరల దావా తగదనుట. పెద్దన్నతో ఓడినవాడు వకీలును మార్చి అదే వ్యాజ్యమును మరల వేయుటకు ఇది యడ్డు. సుమోటో యని మన పత్రికలు వ్రాయునది, అర్జీ యెవరును పెట్టకున్నను కోర్టు తనంత తాను విషయమును చేపట్టుట. ఇన్ కెమెరా విచారణ యనగానే తన సాక్ష్యమును ఫిలిము తీయుదురని బెదరు స్త్రీలు కలరు. సంగతి సరిగా దానికి విరుద్ధము. ఆ లాటిను మాటకు గది యని యర్థము, తలుపులు మూసి, బయటివారిని పంపివేసి జరుపు విచారణ యది.

ఇంట మరణము సంభవించినప్పుడు ఎదురగు మాటలను కొంచెము నిదానముగ చూడవలెను. వీలునామా లేక గతించిన ఒక హిందూ గృహస్థుని స్వార్జితము 9 ఎకరములనుకొందము. భార్యయు తల్లియు అతనికంటె ముందే పోయిరి. ఒక కుమారుడు, ఒక కుమార్తె బ్రతికియున్నారు. ముందే మరణించిన మరియొక కుమారునకు ఇద్దరు పిల్లలున్నారు, వారి తల్లియు లేదు. నలుగురు వారసులు గనుక ఆస్తి నాలుగు భాగములు కావలెనని మనుమలు వాదించినచో అది పర్ కాపిటా పద్ధతి, అనగా తలకొక వాటా. ఒక్కొక్కరికి రెండుంబావు ఎకరములు వచ్చును. కాని 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని 10వ సెక్షను ఇట్టి చోట శాఖకొక వాటా యనుచున్నది. దీనినే పర్ స్టిర్పెస్ అందురు. కుమారునకు 3, కుమార్తెకు 3, గతించిన కుమారుని శాఖకు 3 ఎకరములు పోగా, మనుమలు ఒక్కొక్కరికి ఎకరమున్నర దక్కును. పంపకపు పత్రము వ్రాయు దినమున ఈ రెండు మాటలలో ఏది యున్నదో చూడక వ్రేలిముద్ర వేసినవాని నష్టము ముప్పాతిక ఎకరము.

మన పత్రికలలో ప్రమాదవార్త వచ్చిన ప్రతిసారి కనబడు ఎక్స్‌గ్రేషియా యను మాటకు దయచేత ఇచ్చునది యని భావము. దయచేత ఇచ్చినది హక్కును తీర్చినట్లు కాదు. బస్సు ప్రమాదమున ఇంటి యజమానిని కోల్పోయిన కుటుంబము, ప్రభుత్వము ప్రకటించిన మొత్తమును పుచ్చుకొని, ఇక రావలసినదేదియు లేదని తలచి, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో నష్టపరిహారపు అర్జీ పెట్టుకొనకుండుట శోచనీయము. 2022 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన సవరణ ఆ యర్జీకి 6 నెలల గడువు పెట్టినందున, దుఃఖము చల్లారినపిమ్మట చూతమను మాటకు చోటు తగ్గిపోయినది. చెక్కు ఇచ్చునప్పుడు సంతకము పెట్టుమన్న కాగితములో తుది పరిష్కారముగా స్వీకరించితిని అను వాక్యమున్నదేమో చదివి మరీ పెట్టవలెను.

ఇక రాజ్యాంగములోని 32, 226 అధికరణములు పేర్కొన్న ఐదు రిట్లు. తెలుగు పాఠ్యగ్రంథములు వీనికి బందీ ప్రత్యక్ష, పరమాదేశ, ప్రతిషేధ, ఉత్ప్రేషణ, అధికార పృచ్ఛ యని సంస్కృత నామములు పెట్టినవి. విద్యార్థులు వీనిని పరీక్షకొరకు వల్లించి, పరీక్ష కాగానే మరచెదరు. వీనిలో అధికార పృచ్ఛకు మూలమైన కో వారంటో అను ప్రక్రియను ఇంగ్లండువారు 1938లోనే రద్దు చేసికొనిరి. 1999లో అమలుకు వచ్చిన అచటి సివిలు నియమములు ఎక్స్ పార్టీని నోటీసు లేకుండ అనియు, వాదికి వాడుకలోనున్న పాత పేరునుకూడ మార్చియు సులభపరచినవి. తరువాత మాండమస్ (పరమాదేశ), సెర్షియోరరి (ఉత్ప్రేషణ) అను పేర్లుకూడ పోయినవి. పుట్టినింట వదలబడిన పేర్లను మన రాజ్యాంగము పదిలపరచినది. హైకోర్టుల, సుప్రీంకోర్టు వ్యవహారము ఇంగ్లీషుననే సాగవలెనని 348వ అధికరణము చెప్పుచున్నంతకాలము ఇవి మనలను విడిచిపోవునని నేననుకొనను.

ఆ మార్పులన్నిటిలోను ఇంగ్లండువారు ముట్టుకొననిది హెబియస్ కార్పస్ ఒక్కటే. నిర్బంధములోనున్నవానిని కోర్టు ఎదుట నిలిపి, ఏ యధికారముచే నిర్బంధించితిరో చెప్పుడని అడుగు రిట్టు ఇది. అరెస్టయినవానిని ప్రయాణకాలము మినహా 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెనని 22వ అధికరణము చెప్పుచున్నది; ఆ గడువు దాటినను మనిషి జాడ తెలియనిచో, బందీయే రానక్కరలేదు, తల్లియో భార్యయో స్నేహితుడో హైకోర్టు నాశ్రయింపవచ్చును. సునీల్ బాత్రా యను ఖైదీ తోటిఖైదీ పడుచున్న హింసనుగూర్చి వ్రాసిన ఉత్తరమునే సుప్రీంకోర్టు అర్జీగా స్వీకరించినది. బీహారున రుదుల్ సాహ్ 1968లో నిర్దోషిగా తేలియు 1982 వరకు జైలులోనే యుండిపోగా, 1983లో సుప్రీంకోర్టు ఈ రిట్టు క్రిందనే అతనికి నష్టపరిహారముగూడ ఇప్పించినది. ఇంతటి రిట్టును ఆత్యయిక పరిస్థితిలో ప్రయోగింప వీలులేదని 1976లో ఎ.డి.ఎం. జబల్పూరు కేసున నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించిరి. 1978 నాటి 44వ సవరణ, జీవిత స్వేచ్ఛల హక్కును ఆత్యయిక పరిస్థితిలోకూడ నిలుపుదల చేయరాదని కట్టడి చేసెను; 2017లో పుట్టస్వామి కేసున ఆ పాత తీర్పే త్రోసివేయబడెను. మాండమస్ విషయమున ఒక్క సూచన చాలును: అధికారి తన చట్టబద్ధమైన పనిని చేయకున్నప్పుడు, ముందుగా వినతిపత్రమిచ్చి రసీదు పుచ్చుకొనని పక్షమున, హైకోర్టు మొదట అడుగు ప్రశ్న మీరు వారిని అడిగితిరా యనునదే.

తీర్పుల నకళ్ళలో కనబడు పొడి అక్షరములకు ఇంత భయము అక్కరలేదు. సుప్రా యన్నచో పైని చెప్పినది, ఇన్‌ఫ్రా యన్నచో క్రింద చెప్పబోవునది, ఇబిడ్ యన్నచో ఇప్పుడే పేర్కొన్న గ్రంథమే. సిక్ యని కుండలీకరణములలో ఉన్నచో, ఆ తప్పు మూలములోనే యున్నది, నకలు వ్రాసినవానిది కాదు. ఎల్.ఎస్. అను రెండక్షరములు ముద్ర యుండవలసిన చోటును చూపును. వీని ప్రక్కన ముద్ర లేనిచో, నకలు ఇచ్చినవారిని అడుగుట మంచిది. ఫోనులో ఎవరో పంపిన తీర్పు ముక్కను చూచి పొంగిపోవుటకు ముందు, అది తీర్పునకు ఆధారమైన రేషియోయా, మాటవరుసకు న్యాయమూర్తి అనిన ఓబిటరా యని వకీలు నడుగుడు. క్రింది కోర్టులను కట్టివేయునది మొదటిదే.

ఒప్పందములు వ్రాసికొనునప్పుడు మాత్రము మూడు పొడి మాటల తేడా సొమ్ముతో ముడిపడియుండును. ఐ.ఈ. యనగా అంటే అని. దాని తరువాత చెప్పినదే సమస్తము. ఈ.జి. యనగా ఉదాహరణకు అని, చెప్పనివికూడ చేరవచ్చును. అద్దె యొప్పందమున మరమ్మతులు అను మాట తరువాత ఈ.జి. ఉండవలసిన చోట ఐ.ఈ. పడినచో, కారుచున్న పైకప్పు ఎవరి బాధ్యతయో తేలుట కష్టము. మూడవది ఎట్ సెటరా, మన దస్తావేజుల వగైరా. ఇల్లు అమ్ముచు బల్లలు, కుర్చీలు, మంచములు వగైరా చేర్చి అమ్మితినని వ్రాసినచో, ఈజస్‌డెమ్ జెనెరిస్ అను సూత్రము ననుసరించి ఆ వగైరాలోనికి అదే జాతి వస్తువులు మాత్రమే వచ్చును. పోర్టికోలోని కారు రాదు, అలమర వచ్చును, ఫ్రిజ్ విషయమున ఇరుపక్షముల వకీళ్ళును చాలకాలము వాదింపగలరు. అందుచేత వగైరా వ్రాయబోవు చోట ఆ వస్తువుల పేర్లనే వరుసగా వ్రాసి, జాబితా అడుగున ఇరువురును సంతకము చేయవలెను.